ఫ్రాన్స్‌లో చదువుకుంటూ మ్యూజియంలు, చర్చిలు చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తెనాలి. ఆంధ్రా ప్యారిస్ నుంచి అసలు ప్యారిస్‌కి వచ్చి పడ్డానని మా బాబాయి ఇప్పటికీ ప్రతి పెళ్లిలో జోకు వేస్తాడు. చదివేది కంప్యూటర్లు. బొమ్మల సంగతి అంటారా, స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు వేయించిన కుండ, మామిడికాయ దగ్గరే ఆగిపోయింది. అలాంటివాణ్ని రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు ఏదో ఒక మ్యూజియంలోనో, చర్చిలోనో తేలుతున్నాను. ప్రతి సెప్టెంబరులో కొత్తగా దిగే జూనియర్లు వాట్సాప్‌లో అవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా టైప్ చేసి చేసి వేళ్లు నొప్పెట్టి, ఇదిగో ఒకే చోట రాస్తున్నాను.

నాకు ఆర్ట్ గురించి ఓనమాలు కూడా రావు. వెళ్లి ఏం చేయాలి?

కూర్చోవాలి. వెటకారం కాదు, నిజంగానే. ప్రతి పెద్ద గదిలోనూ బెంచీ ఉంటుంది. గదంతా ఒకసారి చుట్టి, మీ కాళ్లు ఎక్కడ ఆగాయో ఆ బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చోండి. పక్కన ఉన్న చీటీ తర్వాత చదవొచ్చు. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎవరు ఎవరివైపు చూస్తున్నారు, మూలన ఆ కుక్క ఎందుకుంది? ఇలా చూస్తూపోతే చాలు.

వారం రోజుల టూరుకి వచ్చినవాళ్లకి అంతా చూసేయాలన్న ఆత్రం ఉంటుంది, అది న్యాయమే. మనం ఇక్కడ ఏడాదో రెండేళ్లో ఉంటాం. ఇవాళ అర్థం కాకపోతే వచ్చే నెల మళ్లీ వెళ్తాం. నాకు నచ్చిన బొమ్మల్లో సగం మొదటిసారి చూసినప్పుడు నచ్చలేదు.

అన్నీ ఫ్రీ అంటున్నారు, నిజమేనా? ఏ కార్డు చూపించాలి?

18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసుండి, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల్లో నివసిస్తున్నవాళ్లకి లూవ్ర్, ఓర్సే, ఓరాంజెరీ, రోదాఁ మ్యూజియం లాంటి జాతీయ మ్యూజియంల శాశ్వత ప్రదర్శనలు ఉచితం. సెంట్ షాపెల్ చర్చి లాంటి ప్రభుత్వ కట్టడాలు కూడా అంతే. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది లెక్కలోకి రాదు, ఎక్కడ నివసిస్తున్నారన్నదే లెక్క. అంటే లాంగ్ స్టే స్టూడెంట్ వీసా మీద వచ్చిన మనకీ వర్తిస్తుంది.

వీసా పేజీ ఉన్న పాస్‌పోర్టు గానీ, రెసిడెన్స్ కార్డు గానీ వెంట ఉంచుకోండి. కాలేజీ ఐడీ కార్డు ఒక్కటే చూపిస్తే సరిపోదు. దాన్లో వయసూ ఉండదు, నివాసమూ ఉండదు. వచ్చిన మూడు నెలల్లోపు వీసాని ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేసుకోవాలి కదా, ఆ కన్‌ఫర్మేషన్ కాగితం కూడా ఫోన్‌లో పెట్టుకోండి. లూవ్ర్‌కి మాత్రం టికెట్ సున్నా యూరోలే అయినా టైమ్ స్లాట్ ముందుగా బుక్ చేసుకోవడం మంచిది.

నాకు 27 ఏళ్లు. నా గతేమిటి?

ప్యారిస్ నగరపాలక సంస్థ నడిపే మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలకి ఏ వయసువారికీ టికెట్ లేదు. పెతి పలే, నగర చరిత్ర చెప్పే కార్నావాలే, ప్లాస్ దె వోజ్‌లో విక్టర్ హ్యూగో ఇల్లు, సిటీ మోడరన్ ఆర్ట్ మ్యూజియం, అన్నీ ఈ లెక్కలోవే. ఆ చివరిదాన్లో రవూల్ ద్యుఫీ 1937లో కరెంటు మీద వేసిన బొమ్మ ఉంది. 600 చదరపు మీటర్లు, గదికి గది ఆ బొమ్మే. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లు తప్పకుండా చూడాలి. జెనరేటర్లు, శాస్త్రవేత్తలు, గ్రీకు దేవతలు ఒకే గోడ మీద కనిపిస్తారు.

ఓర్సే, ఓరాంజెరీ, గిమే మ్యూజియంలు ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ ఉచితం. రద్దీ మాత్రం బోనాల జాతరే. పొద్దున్నే వెళ్లండి.

ఏ రోజు ఏది మూసేస్తారు?

లూవ్ర్, ఓరాంజెరీ, గిమే మంగళవారం ఉండవు. ఓర్సే, రోదాఁ సోమవారం ఉండవు. ఇది నాకెలా తెలుసంటే, వచ్చిన కొత్తలో ఒక మంగళవారం క్లాసు ఎగ్గొట్టి మరీ లూవ్ర్‌కి వెళ్లాను. గాజు పిరమిడ్ చుట్టూ జనం ఫోటోలు దిగుతున్నారు కాబట్టి తెరిచే ఉందనుకుని అరగంట వానలో క్యూ కోసం వెతికాను. క్యూ లేదు. ఉన్నది పావురాలు, నేను.

సాయంత్రాలు వాడుకోండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా, ఓర్సే గురువారం 9.45 దాకా తెరిచి ఉంటాయి. ఏడున్నర దాటాక గదులు ఖాళీ అవుతాయి. మనకి క్లాసులూ అయిపోతాయి. ఇక పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళల మ్యూజియంని పాత బ్లాగులు చూసి ప్లాన్‌లో పెట్టుకోకండి. మరమ్మతుల కోసం 2025లో మూసేశారు, 2030 దాకా తెరవరు.

లూవ్ర్ ఒక్క రోజులో అవుతుందా?

ఒక్కసారి లెక్క వేద్దాం. ప్రదర్శనలో ఉన్నవి దాదాపు 35,000 వస్తువులు. ఒక్కోదానికి అర నిమిషం ఇచ్చినా తిండీ నిద్రా లేకుండా పన్నెండు రోజులు పడుతుంది.

అందుకే నేను ఒక విజిట్‌కి ఒక గది, మహా అయితే రెండు అని పెట్టుకున్నాను. దెనోఁ, సుల్లీ, రిషెల్యూ అని మూడు విభాగాలు. జనమంతా దెనోఁలోకి దూరతారు. మీరు మొదటిసారి రిషెల్యూ వైపు వెళ్లండి. బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం ఉన్న నల్లరాయి అక్కడే ఉంది. 3,700 ఏళ్లకి పైబడిన చట్టం, మనిషికన్నా ఎత్తైన రాయి మీద, పప్పుబద్దలంత అక్షరాల్లో. పైన రాజు దేవుడి ముందు నిలబడి ఉంటాడు. చేయి నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డ ఆ తీరు చూస్తే, మన గుళ్లో పెద్దవాళ్లు గుర్తొస్తారు.

మోనాలిసా నిజంగా అంత చిన్నదా?

77 సెంటీమీటర్ల పొడవు, 53 వెడల్పు. పాప్లర్ చెక్క పలక మీద వేసింది. ముందు వందమంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు కాబట్టి మీరు చూసేది ఎక్కువగా ఫోన్లలో మోనాలిసానే.

1911 ఆగస్టులో విన్‌చెంజో పెరూజా అనే ఇటలీ పనివాడు దీన్ని ఎత్తుకుపోయాడు. రెండేళ్లకి పైగా దొరకలేదు, చివరికి 1913 డిసెంబర్లో ఫ్లోరెన్స్‌లో బయటపడింది. ఆవిడకి ఇంత పాపులారిటీ రావడంలో ఆ దొంగకి కూడా వాటా ఉంది.

ఒక సలహా. మోనాలిసాని చూసి, వెంటనే వెనక్కి తిరగండి. ఎదురు గోడ మీద వెరోనీజ్ వేసిన కానా పెళ్లివిందు ఉంటుంది. దాదాపు పది మీటర్ల వెడల్పు. అందరూ దానికి వీపు చూపిస్తూ నిలబడతారు, పాపం. పెళ్లి భోజనాలు, వాయిద్యాలు, వడ్డించేవాళ్లు, బల్ల కింద కుక్కలు, ఎవడూ పట్టించుకోని పెళ్లికొడుకు. మన పెళ్లిళ్లు చూసినవాళ్లకి ఏ గైడూ అక్కర్లేదు. వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల గోడ మీద ఉండాల్సినదాన్ని 1797లో నెపోలియన్ సైన్యం ఇక్కడికి తెచ్చింది.

మన ప్రాంతానికి సంబంధించినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. అందులో ఒకటి ఫ్రాన్స్ రాజుల కిరీటంలోనే ఉండేది.

రీజెంట్ వజ్రం అంటారు, 140 క్యారెట్లు. గోల్కొండ వజ్రమని పేరే గానీ దొరికింది కృష్ణ ఒడ్డున, పలనాటి వైపు కొల్లూరు గనుల్లో. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కిందికి పోయింది. మద్రాసు గవర్నర్‌గా ఉన్న థామస్ పిట్ దాన్ని కొని ఇంగ్లండ్ పంపాడు. 1717లో ఫ్రాన్స్ రీజెంట్, అంటే చిన్నపిల్లాడైన రాజు తరఫున పాలించేవాడు, కొన్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1722లో పదిహేనో లూయీ పట్టాభిషేక కిరీటంలో మెరిసి, తర్వాత నెపోలియన్ కత్తి పిడి మీదికి చేరింది. దాన్ని లూవ్ర్‌లోని అపోలో గ్యాలరీలో పెట్టారు. 2025 అక్టోబర్ 19న పట్టపగలు దొంగలు నిచ్చెన లారీ వేసుకొచ్చి కిటికీ కోసి లోపల పడింది ఆ గ్యాలరీలోనే. ఎనిమిది నగలు పోయాయి, మన కొల్లూరు రాయి జోలికి మాత్రం పోలేదు. దొంగతనం తర్వాత అక్కడ చాలా మార్పులు జరిగాయి కాబట్టి, దాన్ని చూద్దామనే వెళ్తుంటే ముందుగా మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రెండోది గిమే మ్యూజియం. లియోఁ నగరానికి చెందిన ఎమిల్ గిమే అనే పారిశ్రామికవేత్త పెట్టింది. 1889లో ప్యారిస్‌లో తెరిచారు. ఆసియా కళకి యూరప్‌లో ఉన్న పెద్ద చోట్లలో ఒకటి. కింది అంతస్తులో కంబోడియా ఖ్మేర్ విగ్రహాలు చూసి జనం ఉబ్బితబ్బిబ్బవుతారు. మీరు భారతదేశం గదులకి వెళ్లండి. అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలు కనిపిస్తాయి. అందులో ఘంటసాల నుంచి వెళ్లినవీ ఉన్నాయి. ఘంటసాల అంటే మనకి పాట గుర్తొస్తుంది. ఆ ఊరు బౌద్ధ క్షేత్రమని నాకు ప్యారిస్‌లో తెలిసింది, సిగ్గుచేటు! తెనాలి నుంచి గట్టిగా రెండు గంటల ప్రయాణం కూడా ఉండదు.

ఆ పలకల దగ్గరికి వంగి చూడండి. వేలెడంత జాగాలో నలుగురైదుగురు మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టుంటారు. నడుములు ఒంపు తిరిగి, చేతుల నిండా గాజులు, కాళ్లకి కడియాలు. అదే రోజు పొద్దున ఫ్రెంచ్ చర్చి గుమ్మం మీద రాతి సాధువుల్ని చూసి వెళ్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అక్కడివాళ్లు స్తంభాల్లా నిటారుగా నిలబడతారు, మనవాళ్లు ఒకచోట ఉండరు.

ఇంప్రెషనిజం అంటే ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పగలరా?

వస్తువుని కాదు, దాని మీద పడ్డ వెలుగుని వేయడం. 1874లో మోనే, దెగా, రెన్వార్, పిస్సారో, బెర్త్ మొరిసో వంటివాళ్లు ప్రభుత్వం నడిపే సలోన్ అనే చిత్రాల ప్రదర్శనని కాదని ఒక ఫోటోగ్రాఫర్ పాత స్టూడియోలో సొంతంగా ఎగ్జిబిషన్ పెట్టుకున్నారు. అందులో మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరు పట్టుకుని, ఇదంతా ఉత్త ఇంప్రెషన్ అని ఒక విమర్శకుడు ఎద్దేవా చేశాడు. తిట్టే పేరైంది. ఆ బొమ్మ మార్మొతాఁ మ్యూజియంలో ఉంది, ఓర్సేలో వెతక్కండి.

ఓర్సే 1900 నాటి రైల్వే స్టేషన్. 1986లో మ్యూజియం అయింది. పెద్ద గడియారం ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. నేనైతే ముందు పై అంతస్తుకి ఎక్కి, అక్కడినుంచి దిగుతూ వస్తాను.

ఓరాంజెరీలో మోనే కలువలు రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల నిండా ఉంటాయి. ఎనిమిది పెద్ద చిత్రాలు, వంపు తిరిగిన గోడల వెంబడి. కంటిచూపు మందగించిన ముసలితనంలో వేశాడు, 1927లో ఆ గదులు తెరిచేనాటికి ఆయన లేడు. ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే ఆకుపచ్చ మీద గులాబీ రంగు గీతలు, అడ్డదిడ్డంగా, గరుకుగా, ఎండిపోయిన సున్నంలా. పదడుగులు వెనక్కి వేయండి. నీళ్లు. నేను ముందుకీ వెనక్కీ అంత సేపు నడుస్తుంటే అక్కడి గార్డు నవ్వాడు.

చర్చిల్లోకి ఎవరైనా వెళ్లొచ్చా? టికెట్ ఉంటుందా?

ఎవరైనా వెళ్లొచ్చు, ఏ మతమని ఎవరూ అడగరు. మామూలుగా ప్రవేశం ఉచితం. దాని వెనకున్న కారణం ఆసక్తిగా ఉంటుంది. 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేస్తూ చట్టం చేశారు. అప్పటికే ఉన్న కెథీడ్రల్స్, అంటే బిషప్పుల పెద్ద చర్చిలు, ప్రభుత్వ ఆస్తి, ఊరి చర్చిలు ఆ ఊరి మునిసిపాలిటీ ఆస్తి అయ్యాయి. ప్రార్థనకి వాడుకునే హక్కు చర్చిది. పైకప్పు కారితే బాగుచేయించాల్సింది ప్రభుత్వం. స్ట్రాస్‌బూర్గ్ ఉన్న ఆల్సాస్ ఆ రోజుల్లో జర్మనీలో ఉంది కాబట్టి అక్కడ ఆ చట్టం ఇప్పటికీ లేదు. గోపురాలు ఎక్కడానికి, ఖజానా గదులకి, సాఁ దెనీ చర్చిలో రాజుల సమాధులకి మాత్రం టికెట్ ఉంటుంది.

చెప్పులు విప్పక్కర్లేదు. మగవాళ్లు టోపీ తీయాలి, భుజాలు కప్పుకోవాలి. పూజ జరుగుతున్నప్పుడు తిరుగుతూ ఫోటోలు తీయకూడదు, వెనక కూర్చుని వినొచ్చు. చివర్లో అందరూ లైన్లో వెళ్లి తీసుకునే అప్పాన్ని ప్రసాదం అనుకుని చేయి చాపకండి. అది బాప్తిస్మం పొందిన క్యాథలిక్కులకి మాత్రమే. మా రూమ్మేట్ అలాగే వెళ్లి లైన్లో నిలబడితే, ముందున్న పెద్దావిడ చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోమని సైగ చేసింది. అలా పెట్టుకుంటే ఆశీర్వదించి పంపుతారు. వాడు చాలా సంతోషించాడు.

గోథిక్ అంటే?

దీనికి కాస్త పెద్ద జవాబే చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే ఫ్రాన్స్‌లో సగం చర్చిలు అర్థమైనట్టే.

రాతి కమాను గుండ్రంగా ఉంటే బరువు పక్కలకి తోస్తుంది. అందుకని గోడలు లావుగా, కిటికీలు చిన్నగా కట్టేవారు. లోపల చీకటి. 12వ శతాబ్దంలో కమానుని పైన మొనదేల్చారు. బరువు ఎక్కువగా కిందికి దిగింది. కప్పుకి రాతి పక్కటెముకలు వేసి ఆ బరువుని స్తంభాల మీదికి చేర్చారు. మిగిలిన తోపుడుకి బయటినుంచి గాలిలో రాతి చేతులు చాపినట్టు ఆనింపులు పెట్టారు. గుడిసె వాలిపోకుండా బయట గుంజ ఆనిస్తామే, అదే సంగతి, రాతిలో. ఇక గోడకి బరువు మోసే పని లేదు. గోడ తీసేసి గాజు పెట్టారు.

ఇది మొదట స్పష్టంగా కనిపించేది ప్యారిస్ పొలిమేరలోని సాఁ దెనీలో. సుజే అనే మఠాధిపతి కట్టించిన తూర్పు భాగం 1144లో పూర్తయింది. మెట్రో 13వ లైన్‌లో వెళ్లొచ్చు. తర్వాత ఊరూరా పోటీ. ఎంతెత్తు కడితే అంత గొప్ప. బోవే ఊరివాళ్లు 48 మీటర్ల ఎత్తున కప్పు వేశారు, 1284లో అందులో కొంత కూలింది. మళ్లీ నిలబెట్టి, పైన ఆకాశమంత శిఖరం కడితే అదీ 1573లో కూలింది. చర్చి ఇప్పటికీ సగమే ఉంది. చవక విమానాల కోసం బోవే ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లు ఓ రెండు గంటలు ముందు బయల్దేరి చూడండి, ఆశ ఎంత ఎత్తు వెళ్లి ఎక్కడ ఆగిందో కళ్లారా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఇవీ మన గుళ్లలాగే దిక్కు చూసి కట్టినవే, కాకపోతే తిరగేసి. మన గుళ్లో దేవుడు తూర్పుకి చూస్తాడు. ఇక్కడ భక్తులు తూర్పుకి చూస్తారు, గుమ్మం పడమర ఉంటుంది. కాబట్టి బలిపీఠం వెనక అద్దాలు పొద్దున, ముందు గుమ్మం శిల్పాలు మధ్యాహ్నం దాటాక బాగుంటాయి. బలిపీఠం చుట్టూ వెనకనుంచి తిరిగొచ్చే దారి కూడా ఉంటుంది. యాత్రికులు పవిత్ర అవశేషాల్ని దర్శించుకుంటూ పూజకి అడ్డం రాకుండా వెళ్లడానికి కట్టింది. ప్రదక్షిణ మార్గం అనుకోవచ్చు.

నోత్రదామ్ తెరిచారా?

తెరిచారు. 2019 ఏప్రిల్ 15న కప్పు కాలిపోయింది, 2024 డిసెంబర్లో మళ్లీ తెరుచుకుంది. కప్పు దూలాల కోసం, శిఖరం కోసం దాదాపు 2,000 ఓక్ చెట్లు వాడారు. లోపల రాయి ఇప్పుడు వెన్నరంగులో మెరుస్తుంది. 1163లో మొదలుపెట్టిన కట్టడం నిన్న గృహప్రవేశం అయినట్టు కనిపిస్తుంది. కొందరికి అది నచ్చదు, పాత నలుపే బాగుందంటారు. ఆ నలుపు కొవ్వొత్తుల పొగ, ఊరి దుమ్మూ కదా!

ప్రవేశం ఉచితం. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవచ్చు, అదీ ఉచితమే. డబ్బులు తీసుకుని నోత్రదామ్ ప్రవేశ టికెట్ అమ్మేవాడు ఎవడైనా మోసగాడే.

రంగు అద్దాలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? సెంట్ షాపెల్‌కా, షార్త్ర్‌కా?

సెంట్ షాపెల్ ఒక నగల పెట్టె. క్రీస్తు ముళ్ల కిరీటంగా నమ్మిన అవశేషం కోసం తొమ్మిదో లూయీ కట్టించాడు, 1248లో ప్రతిష్ఠ జరిగింది. పై అంతస్తులో పదిహేను కిటికీలు, వాటిలో 1,113 దృశ్యాలు. గోడ అనేది కనపడదు. ఎండ ఉన్న రోజే వెళ్లండి. కోర్టు ఆవరణలో ఉంది కాబట్టి ఎయిర్‌పోర్టు తరహా చెకింగ్ ఉంటుంది. యాపిల్ కోసుకునే చాకు కూడా ఉండకూడదు.

కానీ ఒక్కటే చూడగలనంటే షార్త్ర్ ఊరి కెథీడ్రల్ అంటాను. మోఁపర్నాస్ స్టేషన్ నుంచి గంట, గంటంపావు రైలు. 1194లో తగలబడ్డాక ఊరంతా పూనుకుని మళ్లీ కట్టారు. 12, 13వ శతాబ్దాల గాజు ఇంతగా మిగిలిన చోటు ఇంకోటి దొరకడం కష్టం. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొస్తుంటే అద్దాలన్నీ విప్పి దాచారు కాబట్టి మిగిలాయి.

కిటికీని కింది నుంచి పైకి చదవాలి. పైన బైబిలు కథ, కిందివరసలో ఊరి పనివాళ్లు: రొట్టెలు అమ్మేవాడు, చెప్పులు కుట్టేవాడు, బొచ్చు కోటు విప్పి బేరానికి చూపించే వ్యాపారి. మన ఊళ్లో ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాసినట్టే. రంగు అద్దం మీద పూసింది కాదు, గాజు కరిగించేటప్పుడే లోహాలు కలిపింది, నీలానికి కోబాల్ట్. ముక్కల్ని సీసం పట్టీలతో అతికారు. మొహాలు మాత్రం నల్లరంగుతో గీసి మళ్లీ కాల్చారు. చిన్న బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. నేను మెడ నొప్పితో నేల మీద పడుకుని చూస్తుంటే ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం మూడింటికి మబ్బు విడిపోయి, ఎదురు స్తంభం మీద ఎర్రటి, నీలపు మచ్చలు పడి మెల్లగా పైకి జరిగాయి. ఒక పిల్ల ఆ మచ్చలో చేయి పెట్టి, తన చేయి నీలమైందని అమ్మకి చూపించింది.

నేల మీద దాదాపు 13 మీటర్ల వెడల్పున రాతి చిక్కుదారి ఉంటుంది. మామూలు రోజుల్లో దాని మీద కుర్చీలు వేసేస్తారు. నడవాలంటే ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలం (లెంట్) నుంచి అక్టోబర్ చివరి వరకు శుక్రవారాలు చూసుకుని వెళ్లండి.

మ్యూజియంలో ఉండాల్సినవి చర్చిలో ఏమైనా ఉన్నాయా?

సాఁ సుల్పీస్ చర్చిలోకి వెళ్లగానే కుడివైపు మొదటి చిన్న గది. దెలాక్రవా చివరి రోజుల్లో గోడల మీద వేసిన చిత్రాలు, 1861లో పూర్తయ్యాయి. దేవదూతతో యాకోబు కుస్తీ పడుతుంటాడు. వాళ్లిద్దరికన్నా నాకు కింద మూలన పడేసిన బట్టలకుప్ప, గడ్డి టోపీ, అమ్ములపొది ఇష్టం. కుస్తీకి దిగే ముందు పల్లెటూరివాడు ఒడ్డున విడిచినట్టే ఉంటాయి. టికెట్ లేదు, క్యూ లేదు.

ప్యారిస్ బయట వీకెండ్‌కి?

రూఆఁలో కెథీడ్రల్ పడమటి ముఖాన్ని మోనే వేర్వేరు వెలుగుల్లో దాదాపు ముప్పైసార్లు వేశాడు. ఓర్సేలో ఐదు ఉన్నాయి, అవి చూసి వెళ్లండి. రాఁస్ రాజుల పట్టాభిషేకాల చోటు. అక్కడ నవ్వే దేవదూత విగ్రహం, 1974లో పెట్టిన షగాల్ అద్దాలు బాగుంటాయి. స్ట్రాస్‌బూర్గ్ శిఖరం 142 మీటర్లు, గులాబీ రంగు ఇసుకరాయి, మధ్యాహ్నం 12.30కి గడియారంలో బొమ్మలు కదులుతాయి. కొత్తకాలపు చర్చి కావాలంటే రోంశాఁ. చండీగఢ్ ప్లాన్ గీసిన లె కోర్బ్యూజియే 1955లో కట్టాడు. ఇక గుణదల తిరునాళ్లకి వెళ్లేవాళ్లకి లూర్ద్ సంగతి చెప్పక్కర్లేదు, ఫిబ్రవరి 11 పండుగ అక్కడినుంచి వచ్చిందే.

నా ఓటు మాత్రం ఓవేర్ స్యూర్ వాజ్‌కి. ముందు ఓర్సేలో వాన్ గోహ్ వేసిన ఓవేర్ చర్చి చూడండి. ముదురు నీలం ఆకాశం, మెలికలు తిరిగిన చర్చి గోడలు, ముందు రెండుగా చీలిన దారి, ఎడమ దారిలో మనకి వీపు చూపిస్తూ నడిచిపోతున్న ఒక ఆడమనిషి. తర్వాత రైలెక్కి ఆ ఊరు వెళ్లండి. చర్చి ఉంది, చీలిన దారీ ఉంది. కానీ చర్చి చిన్నది, నిటారుగా ఉంది, ఎక్కడా మెలికలు లేవు. ఆ దారినే పైకెక్కితే శ్మశానం. వాన్ గోహ్, తమ్ముడు తెయో పక్కపక్కన, ఇద్దరినీ కలిపి కప్పిన ఒకే ఐవీ తీగ. గోడ దాటితే గోధుమ చేలు. 1890 జులై 29న చనిపోయాడు, ఈ ఊళ్లో ఉన్నది డెబ్భై రోజులే. ఆయన అద్దెకున్న సత్రం గది ఏడాది పొడవునా తెరిచి ఉండదు, తేదీలు చూసుకోండి.

ఫ్రెంచ్ రాదు. ఇబ్బందా?

లోపలికి వెళ్లగానే ముందు బోంజూర్ అనాలి. అది లేకుండా నేరుగా ఇంగ్లిషులో ప్రశ్న వేస్తే మొహం ముడుచుకుంటారు. అన్నాక చూడండి, అదే మనిషి మ్యాపు మీద పెన్నుతో దారి గీసిస్తాడు.

ఫోటోలు, బ్యాగులు, తిండి?

ఫ్లాష్ లేకుండా ఫోటోలు చాలాచోట్ల తీసుకోవచ్చు. పెద్ద బ్యాగు క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. ఫోన్ వెనక జేబులో పెట్టకండి. పిరమిడ్ దగ్గర ఏదో సంతకం చేయమని కాగితాలు పట్టుకొచ్చేవాళ్లతో మాట కలపకండి, ఒకరు కాగితం చూపిస్తుంటే ఇంకొకరి చేయి మీ జేబులో ఉంటుంది. డబ్బాలో పులిహోర తెచ్చుకుంటే ట్యూలరీ తోటలో ఆకుపచ్చ ఇనుప కుర్చీలు ఉన్నాయి, హాయిగా తినొచ్చు. గదుల్లో తినకూడదు.

అమ్మానాన్న చూడ్డానికి వస్తున్నారు. ఏం చూపించాలి?

వాళ్లకి మన ఫ్రీ ఎంట్రీ వర్తించదు. యూరప్ బయటినుంచి వచ్చేవాళ్లకి 2026 జనవరి నుంచి లూవ్ర్ టికెట్ 32 యూరోలు, ఇద్దరికీ కలిపి ఆరు వేల రూపాయల పైనే. ఆ లెక్క వాళ్ల ముందు చెప్పకండి, బయటే ఆగిపోతారు. ఒక్క లూవ్ర్‌కి డబ్బు పెట్టి, మిగతా రోజులు పెతి పలే, నోత్రదామ్, సాఁ సుల్పీస్ చూపించండి, అన్నీ ఉచితమే. మా అమ్మకి షార్త్ర్‌లో ఆ ప్రదక్షిణ మార్గం సంగతి చెప్పడం నా పొరపాటు. మూడు చుట్లు తిరిగింది, రైలు తప్పింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లయితే లూవ్ర్‌లో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. నాన్నలు వద్దంటారు, మీరు తెచ్చేయండి.